భంజనగర్ – బరంపురం బస్సు, మా మిని వాంతులు

ఈ ప్రయాణం నేను కోరి పెట్టుకున్నది కాదు, కోర్టు పెట్టింది. మా అమ్మాయి విడాకుల కేసు బరంపురంలో నడుస్తోంది. అది తేలేదాకా ఆరేళ్ల మనవరాలు మిని భంజనగర్లో మా దగ్గరే ఉండాలనీ, నెలలో మొదటి శనివారం పదకొండు నుంచి రెండు దాకా కోర్టులోని పిల్లల గదిలో తండ్రి చూసుకోవచ్చుననీ ఉత్తర్వు. అమ్మాయి టీచరు, శనివారం బడి ఉంటుంది. సెలవు పెట్టి వెళ్లినా, ఆ ఇద్దరూ ఎదురుపడితే మాటలు రావు, వస్తే ఆగవు. కాబట్టి తీసుకెళ్లేది నేను. ఇలాంటి కాగితం చేతిలో ఉన్న అమ్మమ్మలు, నాన్నమ్మలు ఇంకా ఉంటారు గనక వివరంగా రాస్తున్నాను.

గడిచిన మూడు నెలలూ తిరుగు ప్రయాణంలో మిని వాంతి చేసుకుంది. మా వకీలు దాన్ని పట్టుకున్నాడు. తండ్రిని చూసి వచ్చిన ప్రతిసారీ పిల్ల కలతపడి వాంతి చేసుకుంటోంది, ఈ కలయికలు ఆపించండి అని అర్జీ తయారు చేశాడు. కళ్లారా చూసిన సాక్షిని నేనే. ఈసారి వెళ్లినప్పుడు సంతకం పెట్టాలి. అల్లుడి మీద నాకు ప్రేమ ఒలికిపోవడం లేదు గనక అభ్యంతరమేమీ తోచలేదు.

బస్సు ఏడున్నరకు. బయలుదేరే చోటే ఎక్కుతాం కాబట్టి ఎప్పుడూ ముందు సీటు దొరికేది. ఈసారి పెళ్లివారు ముందంతా నిండిపోయారు, మాకు చిట్టచివరి సీటు మిగిలింది. అంతకుముందే బస్టాండులో మినికి రెండు బరాలు తినిపించాను. బరా అంటే మన గారే, పైన బఠాణీ కూర పోస్తారు. నా ఒక్కదాని టికెట్టే నూరు దాటింది. అస్కా చేరేసరికి పిల్ల నా చీర మీదా తన గౌను మీదా కక్కేసింది.

కండక్టరు బరంపురం తెలుగువాడు. నీళ్ల సీసా ఇస్తూనే తగులుకున్నాడు.

"ఏటి మామ్మా, సదువుకున్నదానిలాగున్నావు. బరాలెట్టి ఎనక సీట్లో కుదిపితే పిల్ల కక్కదేటి?"

"ముందు సీటు నాకోసం దాచి ఉంచావేటి నువ్వు?"

"అడగాల కదేటి! ఈ రూట్లో ఎనక కూకున్న పిల్లలు సగంమంది ఇంతే."

అప్పుడు తట్టింది నాకు. మూడుసార్లూ తిరుగు బస్సు కిక్కిరిసి, మేం వెనకే కూర్చున్నాం. ఇవాళ ఆ తండ్రి ఇంకా నలభై కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు.

పదింటికి దిగి, ఎనభై రూపాయల ఆటోలో కోర్టుకు చేరాం. అల్లుడు అప్పటికే వచ్చి ఉన్నాడు. వాళ్లది బట్టల కొట్టు.

"ఏటైంది అత్తయ్యా?"

"బస్సు పడలేదు."

"కక్కేసినాను నాన్నా," అని మిని గొప్పగా చెప్పింది.

ఇంకేమీ అడగకుండా పిల్లకు తన తువ్వాలు చుట్టి, వరండా కుళాయి దగ్గర గౌను ఉతికి, ఫ్యాను కింద ఆరేశాడు. ఆరాక, కొట్లో గిరాకీకి చూపించినట్టు రెండుసార్లు దులిపి తొడిగాడు. ఎనిమిదేళ్ల కాపురంలో మా అమ్మాయి చీర ఒక్కటి ఆరేసిన మనిషి కాడు. అది మరిచిపోయానని ఎవరూ అనుకోవద్దు.

రెండున్నరకు వకీలు ఆఫీసు. కలం మూత తీసి మరీ అందించాడు.

"ఇక్కడండి సంతకం. సోమవారం ఏసేద్దాం."

"ఈసారి వాంతి తండ్రిని చూడకముందే అయిందయ్యా. అదెక్కడ రాస్తావు?"

"అది రాయక్కర్లేదు కదండి."

"అయితే నేనూ పెట్టక్కర్లేదు."

నాలుగింటి బస్సులో ముందు ఖాళీ లేదు. దాన్ని వదిలేసి, నాలుగున్నర బస్సులో ముందు సీటు పట్టాను. హింజిలి దాటింది, అస్కా దాటింది. చెరకు తోటలు చూస్తున్న మిని నావైపు తిరిగింది.

"అమ్మమ్మా, ఈపాలి కక్కలేదు. వచ్చే నెల నాన్న దగ్గరికి ఎల్లొచ్చా?"

పిల్లకేం అర్థమవుతుందిలే అని దాని ముందే వకీలుతో ఫోనులో మాట్లాడింది నేనే.

"కక్కినా ఎల్లొచ్చే తల్లీ," అన్నాను.

ఏడింటికి ఇల్లు చేరాం. అంతా విని అమ్మాయి మొహం ముడుచుకుంది. "అయితే ఆయన తప్పేటీ లేదంటావా అమ్మా?"

"తప్పులు బోలెడు. అన్నిటికీ నేనొచ్చి సాక్ష్యం సెప్తాను. వాంతి మాత్రం బస్సుది."

ఆ అర్జీలో మూడు శనివారాలూ నిజం, మూడు వాంతులూ నిజం. నాకు కావలసిన కారణం దొరికింది గనక, ఏ సీట్లో కూర్చున్నామో చూసుకోలేదు. ఇంత చదువూ చదివి, అది బస్సు కండక్టరుతో చెప్పించుకోవలసి వచ్చింది.

వెళ్లేవాళ్లకు ఒకటే సలహా: బస్టాండుకు అరగంట ముందే చేరి ముందు సీటు పట్టండి, దొరక్కపోతే ఆ బస్సు వదిలేసి తర్వాతిది ఎక్కండి.