ఓజెల్ శాక్సఫోన్‌కి బదులు పలికే మనిషి

తల్లి శవపేటిక ఇంకా మూత పడనే లేదు, ఓజెల్ స్ట్రిబ్లింగ్‌కీ పాస్టరు టగుల్ గారికీ చర్చి గుమ్మంలోనే మాటామాటా పెరిగింది. ఓజెల్‌కి అప్పటికి మీసం కూడా సరిగా రాలేదు. అయినా బీల్ వీధి క్లబ్బుల్లో వాడి శాక్సఫోన్ వినడానికి మెంఫిస్‌లో సగం జనం ఎగబడేవాళ్లు.

“తాగుబోతుల మధ్య ఊదిన బూర దేవుడి ఇంట్లోకి రావడానికి వీల్లేదు,” అన్నాడు పాస్టరు, చేతులు అడ్డంగా చాపి.

“మరి మీ ఆర్గన్ ఎక్కడిది పాస్టరు గారూ? స్కేటింగ్ హాలు మూసేస్తుంటే మోసుకొచ్చింది కాదూ? ఆ పాటలకి అమ్మాయిలూ అబ్బాయిలూ నడుములు పట్టుకుని తిరిగారు. దానికి బాప్తిస్మం ఎప్పుడిచ్చారో చెప్పండి, ఆ నీళ్లలోనే దీన్నీ ముంచుతా.”

ముందు వరసలో తెల్లబట్టల చర్చి పెద్దమ్మలు విసనకర్రలు మొహాలకి అడ్డం పెట్టుకున్నారు. జనాన్ని వరసల్లో కూర్చోబెడుతున్న, ఓజెల్ అక్కా అని పిలిచే వెర్డీ మే మాత్రం దాచుకోలేదు, పైకే నవ్వేసింది. పాస్టరు చేతులు దించాడు. ఆ రోజు ఓజెల్ శాక్సఫోన్ ఊది తల్లిని సాగనంపిన తీరుకి, ఆవిడతో పడనివాళ్లు కూడా ఏడ్చారు.

అలాంటివాణ్ని ఈ ఊరు ఏం చేసింది? పాడినవాళ్లందరి వెనకా నిలబెట్టి ఊదించుకుంది. పేరు పాటగాళ్లకి, ఊపిరి వీడిది. వాడి సొంత పేరుతో ఒక్క రికార్డు వచ్చింది. అది అంగళ్లకి చేరకముందే కంపెనీ తలుపులు మూసేసింది. తర్వాత వాడు సిటీ బస్సు నడిపాడు. బస్సులో కూర్చుని వాడి పాటే ఈలవేసినవాళ్లు ఉన్నారు, స్టీరింగు దగ్గర ఎవరున్నారో ఒక్కడూ చూడలేదు. పళ్లు ఊడాయి. పళ్లు లేని నోటికి శాక్సఫోన్ పట్టు దొరకదు. కట్టుడుపళ్లు పెట్టించుకుని, మొదటిరోజు బడికి వెళ్లిన పిల్లాడిలా మళ్లీ మొదలుపెట్టాడు. కింది పెదవి చిట్లి రక్తమొస్తుంటే వెర్డీయే వెన్న రాసింది.

అప్పుడొచ్చాడు రికార్డులు తీసే ప్రెస్టన్. వినయం, చిరునవ్వు, ఖరీదైన బూట్లు. “మిమ్మల్ని లోకానికి మళ్లీ వినిపిస్తాను సార్,” అన్నాడు. కొత్త ఆల్బమ్, అట్ట మీద ఓజెల్ పేరు. డెబ్బై దాటిన ఓజెల్ ఆ మాటకి చిన్నపిల్లాడైపోయాడు.

మొదటిరోజు వెర్డీ వేయించిన చేపా మొక్కజొన్న రొట్టే మూటగట్టుకుని స్టూడియోకి వెంట వెళ్లింది. డ్రమ్ములూ గిటార్లూ అన్నీ ముందే వేరే ఊళ్లో రికార్డు చేసేశారట. ఓజెల్ ఒక్కణ్నే అద్దాల గదిలో నిలబెట్టి చెవులకి డిప్పలు తగిలించారు. వెర్డీ ఆ గదిలోనే మూలన కుర్చీలో కూర్చుంది. గోడ మీద ఎర్రదీపం వెలిగింది. ఓజెల్ నెమ్మదిగా మొదటి వరస ఊదాడు. వెర్డీ గొంతు దానంతటదే లేచింది.

“చెప్పు నాయనా!”

రెండో వరస ఇంకాస్త పైకి పోయింది.

“అవును! వాళ్లకి చెప్పు!”

వాళ్ల చర్చిలో నిజం పలికేవాణ్ని, అది నోరైనా బూరైనా, బదులు పలక్కుండా వదిలేయడం మొహం మీద తలుపేసినట్టే. ఎర్రదీపం వెలిగితే నోరెత్తకూడదన్న సంగతి ఆవిడకేం తెలుసు? ప్రెస్టన్ అన్నీ ఆపేసి నవ్వుతూ వచ్చాడు.

“అమ్మగారూ, మీ గొంతు రికార్డులో పడిపోతోంది.”

“పడనీ నాయనా. నాది వాడికి అడ్డమొచ్చే గొంతు కాదు.”

మర్యాదగానే చెయ్యి పట్టుకుని బయట బెంచీ మీద కూర్చోబెట్టాడు. తలుపు అద్దంలోంచి ఓజెల్ కనిపిస్తున్నాడు, శబ్దం లేదు. ఎక్కేవాళ్లు లేని స్టాపులో బస్సు ఆపుకున్నవాడిలా ఉన్నాడు.

చాలాసేపటికి బయటికొచ్చి పక్కన కూర్చున్నాడు, శాక్సఫోన్ పెట్టెలో పెట్టేసి మరీ.

“ఏమంటాడు?”

“నా ఊదుడు తేలిపోయిందట. లాస్ ఏంజిలెస్‌లో ఒకడు అచ్చం నాలాగే ఊదుతాడట. పట్టులేని చోట్ల వాడిచేత ఊదించి అతికిస్తాడట. అట్ట మీద బొమ్మ నాదేనట.”

వెర్డీకి ఒళ్లు మండిపోయింది. “బొమ్మా! పెళ్లికొడుకు నువ్వూ, కాపురం వాడూనా? ఇన్నాళ్లూ నీ ఊపిరికి పరాయి పేర్లు పెట్టారు, ఇప్పుడు నీ పేరుకి పరాయి ఊపిరా? నువ్వేమన్నావు?”

“ఆలోచించుకుంటానన్నా.”

“ఆలోచించడానికేముందిరా అందులో, సన్నాసీ!”

ఓజెల్ పెట్టె మీద చెయ్యి వేసుకుని నేలకేసి చూశాడు. “పళ్లెలాగూ నావి కావు. ఊపిరన్నా నాది కావద్దా అక్కా?” అన్నాడు. “నువ్వు పలికినప్పుడు ఎటు పోవాలో తెలిసింది. నిన్ను బయటికి పంపాక గోడకి చెప్పుకున్నట్టుంది.”

లేచి తలుపు నెట్టాడు. “బాబూ ప్రెస్టన్, ఇంకొక్కసారి ఊదుతా. ఈవిడ లోపలే ఉంటుంది.”

“కానీ సార్, ఆవిడ మాట్లాడితే...”

“మాట్లాడాలనే. అది వద్దంటే నా పేరూ వద్దు, నా బొమ్మా వద్దు. ఆ కుర్రాడి బొమ్మే వేసుకో.”

ప్రెస్టన్ వెర్డీ కళ్లు చూశాడు. తలుపు బార్లా తీసి పట్టుకున్నాడు.

ఓజెల్ అద్దాల గదిలో కుర్చీని మూలలోంచి లాక్కొచ్చి తన ఎదురుగా వేశాడు. చెవి డిప్పల్లో ఒకటి పక్కకి జరిపాడు.

“ఇక్కడ కూర్చో అక్కా. బాగుంటే బాగుందను. పాతపేరు చూసి జాలిపడకు. నేను దొంగ ఊదుడు ఊదానా, మధ్యలోనైనా సరే, నిలిపేయమని కేకెయ్.”