ఒడ్డు చేరని పల్లంరాజు గారి పడవ

పల్లంరాజు గారిని ఏది అడిగినా తమ సేవా క్లబ్బు చరిత్రతో మొదలుపెడతారు. టైమెంతని అడిగినా అంతే. "టైమంటే గుర్తొచ్చిందండి. డెబ్బై నాలుగులో మన క్లబ్బు పుట్టిన రోజున ఏడుగురిలో ఒక్కరికే గడియారం ఉండేదండి..." అంటారు. ఈలోగా అడిగినవాడి బస్సు గోదావరి వంతెన దాటిపోతుంది.

చరిత్ర ఎప్పుడూ ఒకటే. ఆ ఏడుగురూ మీటింగుకు హాలు దొరక్క పడవెక్కారు. నడిగోదారిలో పడవ ఇసుకమేటకు తగులుకుంది. ఇక చేసేదేమీ లేక కూర్చున్నచోటే క్లబ్బు పెట్టేశారు. అప్పుడు గంగయ్య అనే జాలరి తాడు పట్టుకుని నీళ్లలోకి దిగాడు... రాజమండ్రిలో ఇంతకుమించి ఎవరూ వినలేదు. తాడు మాట వచ్చేసరికి అందరూ చెప్పులు వెతుక్కుంటారు.

అదే వీధిలో ఉండే సత్యవాణి అయితే ఆయన స్కూటర్ చప్పుడు వినగానే తలుపేసుకునేది. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివిన మనిషి. కొడుకు తుమ్మితే గంటగంటకీ టెంపరేచర్ చూసి గ్రాఫు గీస్తుంది.

అలాంటావిడ కొడుకుని, ఆరేళ్ల ఫిన్నీని, వీధికుక్క కరిచింది. మొదటి ఇంజక్షన్‌కి ముగ్గురు పట్టుకోవలసి వచ్చింది. రెండోది మూడో రోజున, తప్పకూడదు. ఆ రోజు ఆ క్లబ్బు నడిపే క్లినిక్ దాకా వచ్చి వాడు గేటు కడ్డీలు కావలించుకున్నాడు.

"నేను రాను! నన్ను చంపేస్తారు!"

సత్యవాణి వాడి వేళ్లు ఒక్కొక్కటే విడదీయబోయింది. సరిగ్గా అప్పుడే స్కూటర్ ఆగింది.

"ఈ గేటంటే గుర్తొచ్చిందండి..."

"మీకు దణ్ణం పెడతానండి రాజుగారూ, ఇప్పుడొద్దు!"

"ఆయ్, మీకు కాదండి, అబ్బాయిగారికి. ఏడుగురం పడవెక్కామండి. ఒక్కరికీ ఈత రాదు."

ఫిన్నీ ఒక చెయ్యి వదిలాడు. "మరి మునిగిపోరా?"

"అదే కదండీ భయం! ప్రెసిడెంటు గారేమో గురక పెడుతున్నారు."

రెండో చెయ్యీ వదిలింది. చరిత్ర గేటు దాటింది, వరండా దాటింది, ఇంజక్షన్ బల్లెక్కి కూర్చుంది. "గంగయ్య తాడు పట్టుకుని ఒక్క గుంజు గుంజాడండి..."

"అయిపోయింది," అంది నర్సు సుబ్బాయమ్మ, దూది అద్దుతూ.

"ఎప్పుడు పొడిచారండీ?" సత్యవాణి తెల్లబోయింది.

"తాడు గుంజినప్పుడమ్మా. నాకదే సైగ. ఇరవయ్యేళ్లుగా ఇంతే. ఇక్కడ సూది పడినవాళ్లెవరికీ పడవ ఒడ్డు చేరడం తెలీదు. వీధిలో మీకందరికీ చెప్పేది ప్రాక్టీసంట!"

ఫిన్నీ భుజం రుద్దుకుంటూ అడిగాడు. "తాతగారూ, తర్వాత పడవేమైందండి?"

పల్లంరాజు గారు గబుక్కున వాడి వైపు తిరిగారు. యాభై ఏళ్లలో ఈ ప్రశ్న అడిగిన మొదటి మనిషి! ఆనందంగా గొంతు సవరించుకున్నారు. అంతలో సత్యవాణి చేతిలోని ఇంజక్షన్ తేదీల కాగితం కళ్లబడింది. మాట గొంతు దాకా వచ్చింది. మింగేశారు.

"మిగతాది ఏడో రోజు ఇంజక్షన్ నాడు చెబుతానండి."

చరిత్రను ఆయన తనంతట తాను ఆపడం అదే మొదలు.

ఏడో రోజున సత్యవాణి నిద్ర లేచేసరికి ఫిన్నీ చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"లే అమ్మా! మనం వెళ్లకుండానే పడవ ఒడ్డుకొచ్చేస్తుంది!"