ఒంటిపోగు చెప్పని రోజు

బెంజ్ సర్కిల్ దగ్గర మాది షామియానాలు, కుర్చీలు అద్దెకిచ్చే కొట్టు. ఏడో తరగతితో బడి మానేశాను. అయినా ఖాళీ స్థలం చూస్తే ఎన్ని కుర్చీలు పడతాయో నిలబడ్డచోటే చెప్పగలను. ఎవరూ నేర్పలేదు. కుర్చీకీ కుర్చీకీ మధ్య మోచెయ్యి పట్టాలి, వరసకీ వరసకీ మధ్య పిల్లాణ్ణి చంకనెత్తుకున్న తల్లి పట్టాలి. ఈ రెండూ తెలిస్తే మిగతాదంతా ఎక్కాలే.

ఎవరి ప్రోగ్రామ్‌కి ఎన్ని కుర్చీలు కావాలో కూడా అలవాటు మీద తెలిసిపోతుంది. రాజకీయ సభ అయితే అడిగినదానికంటే తక్కువ వేస్తాను, అయినా మిగులుతాయి. పాటకచేరీకి అడిగినన్నే వేస్తాను. కానీ ఒకావిడ ప్రోగ్రామ్‌కి మాత్రం అడిగినన్నీ వేసి, మరో రెండు వరసలకి సరిపడా లారీలో ఉంచేవాణ్ణి. జనం ఎక్కువ వస్తారని ఒక కారణం. కుర్చీలు విరుగుతాయని రెండో కారణం.

ఆవిడ హాస్య కళాకారిణి. నేను అక్కా అని పిలిచేవాణ్ణి కాబట్టి ఇక్కడా అక్క అనే రాస్తాను. ఒక్కతే మైకు ముందు నిలబడి రెండు గంటలు నవ్వించేది. పామర్రు బస్టాండులో మొరాయించిన ఎర్రబస్సు ఎలా దగ్గుతుందో, దాన్ని తోసేవాళ్లు ఒకళ్లనొకళ్లు ఎలా తిట్టుకుంటారో, చివరికి అది కదిలాక తోసినవాళ్లని వదిలేసి ఎలా వెళ్లిపోతుందో అంతా ఆ ఒక్క గొంతులోనే వినిపించేది. తెల్లవారుజామున మునిసిపాలిటీ కుళాయి మొదట గాలి ఊది, తర్వాత ఒక్క చుక్క రాల్చడం చేసి చూపిస్తే ఆడవాళ్లు కొంగు నోట్లో కుక్కుకునేవాళ్లు.

తొంభైల మొదట్లో ఇనప మడత కుర్చీలు ఉండేవి. ఎంత నవ్వినా కిర్రుమనేవి, అంతే. ప్లాస్టిక్ కుర్చీలు వచ్చాక నాకు తంటా మొదలైంది. నవ్వే మనిషి వెనక్కి వాలతాడు. వెనక కాళ్లు రెండూ విచ్చుకుంటాయి. మనిషి కింద పడతాడు. పక్కాయన అది చూసి ఇంకా నవ్వి, తనూ కింద పడతాడు. ప్రోగ్రామ్ అయ్యాక అక్క చీర కుచ్చిళ్లు పట్టుకుని నా దగ్గరికి వచ్చేది.

"ఎన్ని పోయాయి తమ్ముడూ?"

"నాలుగక్కా."

"నాలుగేనా! ఇవాళ గొంతు బాగోలేదులే."

అక్కకి ఇద్దరు పిల్లలు, అమ్మాయీ అబ్బాయీ. ప్రోగ్రామ్‌లో సగానికి పైగా వాళ్లిద్దరే. అబ్బాయి ఎవరింట్లోనో భోజనానికి వెళ్లి పూర్ణాలు నిక్కరు జేబులో దాచుకుని, మర్చిపోయి వాటి మీదే కూర్చోవడం ఒక ఐటమ్. కానీ అన్నిటికన్నా పేరున్నది ఒంటిపోగు. అమ్మాయికి చెవులు కుట్టడానికి కంసాలిని పిలిపించారు. ఒక చెవి కుట్టి పోగు పెట్టాడు. రెండో చెవి పట్టుకోగానే పిల్ల ఆయన బొటనవేలు కొరికి వీధిలోకి పరుగు తీసింది. వెనక కంసాలి, ఆయన వెనక నానమ్మ, నానమ్మ వెనక పటికబెల్లం పట్టుకుని తాత. చివరికి పిల్ల గెలిచింది. చాలా రోజులు ఒంటిపోగుతోనే బడికి వెళ్లింది. ఆ పరుగంతా అక్క కదలకుండా నిలబడి గొంతుతోనే చేసేది. కృష్ణా జిల్లాలో ఏ పందిట్లో అయినా చివరికి జనం "ఒంటిపోగు! ఒంటిపోగు!" అని అరిచేవాళ్లు.

వాళ్లాయన ఒక ఆఫీసులో గుమాస్తా. ఆయన గురక కూడా ఐటమే. మొదట్లో ఆయనా నవ్వేవాడు. తర్వాత ఆఫీసులో భోజనాల వేళ తోటివాళ్లు ఆయన గురకని ఆయనకే వినిపించడం మొదలుపెట్టారు. ఒకరోజు ఇంటికొచ్చి, "నేను నీ మొగుణ్ణా, నీ ఐటమ్‌నా?" అని అడిగాడట. అక్క ఆ మాటని కూడా మర్నాడు గుడివాడలో చెప్పింది. బ్రహ్మాండంగా నవ్వారు. నేనూ నవ్వాను.

ఆ వేసవిలోనే ఆయన పిల్లలని తీసుకుని పామర్రులో తన చెల్లెలింటికి వెళ్లిపోయాడు. నాకు ఆశ్చర్యం వేసింది పిల్లల సంగతికే. ఎవరూ లాక్కెళ్లలేదు. తల్లి దగ్గర ఉంటారా, తండ్రితో వెళతారా అంటే ఇద్దరూ బట్టలు సర్దుకున్నారు. అమ్మాయి హైస్కూల్లో చేరిన మొదటిరోజే "ఒంటిపోగు వచ్చింది" అన్నారట. అబ్బాయిని కూర్చోబోయే ముందు జేబులు చూసుకోమన్నారట.

అక్క ఆదివారాలు పామర్రు బస్సెక్కేది. ఆడపడుచు గుమ్మంలోనే మంచినీళ్లిచ్చి, పిల్లలు ట్యూషన్‌కి వెళ్లారు వదినా అనేది. ఆ మాట అంటుండగానే లోపల టీవీ సౌండ్ తగ్గేది. తిరుగు బస్సు దిగి నేరుగా ఇంటికి వెళ్లకుండా మా కొట్టుకొచ్చి, పేర్చిన కుర్చీల దొంతర మీద ఎక్కి కూర్చునేది. ఆ టీవీ సంగతి నాకు చెప్పింది కానీ స్టేజీ మీద ఎప్పుడూ చెప్పలేదు. ఆవిడ చెప్పనిది అదొక్కటే.

ఒంటిపోగు మాత్రం మానలేదు. పిల్లలు అక్కడ పెరుగుతున్నారు, ఇక్కడ మైకులో ఆ పిల్లకి ఎప్పటికీ ఏడేళ్లే.

రెండు వేలు దాటాక, ఒక సాయంత్రం చేతిలో చీటీతో ఒకమ్మాయి కొట్లోకి వచ్చింది. గన్నవరంలో ఏదో స్కూలు వార్షికోత్సవానికి కుర్చీలు కావాలంది.

"మామయ్యా, నన్ను గుర్తుపట్టలేదా?"

గొంతు వినగానే పట్టాను. చూపు అనుకోకుండా చెవుల మీదికి పోయింది.

"చూడండి, బాగా చూడండి. రెండూ ఉన్నాయి" అంది, తల అటూ ఇటూ తిప్పి. రెండు చెవులకీ బుట్టలు ఊగుతున్నాయి. నేను సిగ్గుపడి టీ తెప్పించాను.

ఆ స్కూల్లో తొమ్మిదో తరగతికి లెక్కలు చెబుతోందట. చేరి కొన్ని నెలలే. వార్షికోత్సవానికి మంచి హాస్య కార్యక్రమం పెట్టాలని కరెస్పాండెంట్‌గారు అక్కతో మాట్లాడేసుకున్నారు. అక్క ఈ అమ్మాయి తల్లి అని ఆయనకి తెలియదు.

"చెప్పకపోయావా అమ్మా?"

"చెప్తే ఏమంటారు మామయ్యా? ఒంటిపోగు మీరేనా టీచర్ అంటారు. నేను బోర్డు వైపు తిరిగి రాస్తుంటే వెనక నుంచి ఎవడో ఒకడు ఒంటిపోగు అన్నాడనుకోండి, ఇంక మళ్లీ వాళ్లవైపు తిరగ్గలనా?"

టీ గ్లాసు పక్కన పెట్టింది. తర్వాత అంది:

"అమ్మని రావద్దని నేను అనను. ఒంటిపోగు చెప్పొద్దని మీరు చెప్పండి. చెప్పకుండా ఉంటే, చూద్దాం. చెప్పిందా, నాకింక అమ్మ లేదనుకుంటాను. ఇదే ఆఖరు."

మర్నాడే అక్కకి చెప్పాను. అంతా విని మొదట అడిగింది ఒక్కటే.

"బుట్టలు బాగున్నాయా దానికి?"

"బాగున్నాయక్కా."

"రెండు చెవులకీ..." అనబోయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అలవాటు, ఆవిడేం చేస్తుంది.

"అయితే పిల్లలు లేకుండా ప్రోగ్రామ్ ఎంతుంటుందో లెక్కేసి చెప్పు తమ్ముడూ" అంది. అక్కడే కూర్చుని వేశాను. రెండు గంటల్లో పిల్లలు పోతే ముప్పావు గంట మిగిలింది. గుమాస్తాగారి గురక కూడా తీసెయ్యమంది. అరగంటకి దిగింది. మిగిలినవి ఎర్రబస్సు, కుళాయి, ప్రెషర్ కుక్కర్.

"అరగంటకి కుక్కర్‌లో పప్పు కూడా ఉడకదు తమ్ముడూ" అంది. నవ్వుతూనే అంది కానీ, ఆవిడ ముఖంలో భయం నేను చూడటం అదే మొదలు.

వార్షికోత్సవం రోజు గ్రౌండ్ నిండిపోయింది. లారీలో ఉంచిన రెండు వరసలూ దింపేశాం. స్టేజీ పక్కన అమ్మాయి శాలువా పళ్లెం పట్టుకుని నిలబడింది. అక్క మెట్లెక్కుతూ ఒక్కసారి అటు చూసింది. అమ్మాయి పళ్లెంలోకి చూసింది.

బస్సు దగ్గింది, నవ్వారు. కుళాయి ఊదింది, నవ్వారు. కుక్కర్ కూసింది, కాస్త తక్కువ నవ్వారు. బస్సుని మరోసారి తోయించింది. వెనకవరసల్లో కబుర్లు మొదలయ్యాయి. నేను ఒక్క కుర్చీ కూడా విరగలేదని చూసుకుంటున్నాను, అలా చూసుకుని దిగులుపడటం నా జీవితంలో అదొక్కసారే. అంతలో మూడో వరసలో, మనవడి డాన్సు చూడటానికి పామర్రు నుంచి వచ్చిన పెద్దాయన ఒకరు లేచారు.

"ఏవమ్మోయ్! ఆ ఒంటిపోగు చెప్పవే! దానికోసమే కదా బస్సెక్కి వచ్చింది!"

అంతే. తెలిసినవాళ్లు అందుకున్నారు, తెలియనివాళ్లు వాళ్లని చూసి అందుకున్నారు. గ్రౌండంతా ఒంటిపోగు, ఒంటిపోగు అని చప్పట్లు. కరెస్పాండెంట్‌గారు కూడా చప్పట్లు కొడుతున్నారు. అమ్మాయి పళ్లెంలోంచి శాలువా తీసి గుండెకి అదుముకోవడం నాకు చివరనుంచి కూడా కనిపించింది.

అక్క మైకు పట్టుకుని చెయ్యెత్తింది. చప్పట్లు ఆగాయి.

"ఆ పిల్ల పెద్దదైందండీ" అంది. "నా పేరెత్తావంటే ఊరుకోనని కబురు పంపింది. చిన్నప్పుడే కంసాలి వేలు కొరికిన మనిషి, ఇప్పుడు పళ్లన్నీ వచ్చాయి. నాకు భయం. కాబట్టి ఇవాళ కొత్త మనిషిని పట్టుకొచ్చాను. అదిగో, ఆ చివర గుంజ పక్కన నిలబడ్డాడే, ఆయన! అందరూ వెనక్కి తిరిగి చూడండి!"

గ్రౌండంతా వెనక్కి తిరిగింది. నేనూ వెనక్కి తిరిగి చూశాను, ఎవరా అని. అక్కడ లారీ తప్ప ఏమీ లేదు.

"ఆయన్ని నవ్వించడం నా వల్ల కాలేదండీ. నేను జోకు వేస్తే మనుషులని చూడడు, కుర్చీల కాళ్లని చూస్తాడు. ఆయన పెళ్లికి వెళ్లాను. ఖాజీగారు, 'నాయనా, ఖుబూలేనా?' అని అడిగారు. ఈయన, 'ఒక్క నిమిషమండీ, ఆడవాళ్లవైపు రెండు కుర్చీలు తగ్గాయి' అన్నాడు!"

అది అబద్ధం. తగ్గింది ఒక్కటే.

అక్కడనుంచి ఆవిడని ఆపేవాళ్లు లేరు. నా నడక, నేను వేళ్లతో లెక్కపెట్టే తీరు, నిద్రలో ఎక్కాలు చెబుతానని మా ఇంటావిడ ఎప్పుడో నమ్మి చెప్పిన మాట, అన్నీ వచ్చేశాయి. నేను ఎక్కడికీ పోలేక గుంజ పట్టుకుని నిలబడ్డాను. చెవులు కాలిపోయాయి. ఒక్కసారికే ఇలా ఉంటే ఆ పిల్లలు ఏళ్ల తరబడి ఎలా మోశారో అనిపించింది. కుర్చీలు పెళపెళ విరుగుతున్నాయి. పామర్రు పెద్దాయన కింద పడ్డారు. అమ్మాయి శాలువాలో ముఖం దాచుకుని నవ్వుతోంది, అది అక్కకి కప్పాల్సిన శాలువా.

శాలువా కప్పించేశారు. అమ్మాయి చేత కాదు, ఎమ్మార్వోగారి చేత. ఆ తర్వాత వందన సమర్పణ. కొత్త టీచర్‌కి ఎప్పుడూ అదే అంటగడతారు. వందన సమర్పణ అన్న మాట మైకులో పడగానే జనం లేచిపోతారు, మావాళ్లు కుర్చీలు పేర్చడం మొదలుపెడతారు. అది ఎవరూ వినరని ఈ దేశంలో అందరికీ తెలుసు. ఆ రోజూ అంతే. పిల్లలు గేటు వైపు, పెద్దలు బస్సుల వైపు. టకటకమని కుర్చీల చప్పుడు. అమ్మాయి మైకు ముందుకొచ్చి కరెస్పాండెంట్‌గారికి, తల్లిదండ్రులకి, కరెంటు వాళ్లకి ధన్యవాదాలు చెప్పింది. "కుర్చీల మామయ్యగారికి" అంది. ఆ తర్వాత చిన్న గొంతుతో, "మమ్మల్ని నవ్వించిన మా అమ్మకి" అని, కాగితం మడిచి దిగిపోయింది.

నేను విన్నాను. అక్క వైపు చూస్తే అక్కడ లేదు. స్టేజీ వెనక టీ తాగుతూ ఎవరో పిల్లలకి కుక్కర్ కూత నేర్పుతోంది. అన్నేళ్లు స్టేజీల మీద ఉన్న మనిషి, వందన సమర్పణ వినలేదా అంటే, ఎప్పుడైనా విని ఎరుగుదునా అని నన్నే అడిగింది. విషయం చెప్పాను. గ్లాసు నా చేతిలో పెట్టి పరుగెత్తింది. అమ్మాయి మెట్ల దగ్గర దొరికింది.

"ఏమన్నావే మైకులో? ఇంకోసారి చెప్పవే!"

"వందన సమర్పణ ఒకసారే చెప్తారమ్మా."

"నేను వినలేదే!"

"అదే కదమ్మా మన ఇంట్లో గొడవ" అంది అమ్మాయి.

ఆ తర్వాత ఇద్దరిలో ఎవరు ముందు నవ్వారో చెప్పలేను. ఏడ్చారు కూడా. కుర్చీలు సర్దించాలని నేను వచ్చేశాను.

ఇప్పుడు ఆదివారాలు అక్క గన్నవరం వెళుతుంది. అబ్బాయి సంగతి ఇంకా తేలలేదు. ఫోన్ చేస్తే ఎత్తుతాడు, మాట్లాడడు. పెట్టెయ్యడు కూడా. "వింటున్నాడు కదా తమ్ముడూ, మా ఇంట్లో అది ఎవరికీ చేతకాని పని" అంటుంది. నా ఐటమ్‌కి బాగా పేరొచ్చింది. నెలకోసారైనా ఎవరో ఒకరు కొట్టు ముందు బండి ఆపి, మీ పెళ్లికి కుర్చీలు సరిపోయాయా అండీ అని అడుగుతారు. ఆ ప్రశ్నకి మా ఇంటావిడే ముందు నవ్వుతుంది.

మొన్న ఆదివారం గన్నవరం నుంచి వస్తూ అక్క బెంజ్ సర్కిల్‌లో దిగి కొట్టుకొచ్చింది. ముఖం వెలిగిపోతోంది. భోజనాల దగ్గర అమ్మాయి వాళ్ల స్కూల్లో జరిగిన సంగతేదో చెప్పిందట. తను పప్పు కలుపుకోవడం కూడా మానేసి విన్నదట. చివరికి ఆగలేక, "ఇది స్టేజీ మీద..." అందట.

"వద్దు" అందట అమ్మాయి.

"సరే" అందట అక్క.

"ఎంత మంచి ఐటమో తెలుసా తమ్ముడూ! పది కుర్చీలు లేచిపోయేవి! పోయింది!" అని దొంతర మీద కూర్చుని ఒకటే నవ్వు. ఆ సంగతేమిటని నేను రెండుసార్లు అడిగాను. చెప్పలేదు.