షెడ్డులో బోల్ట్ వదిలిన మధ్యాహ్నం

రైఫిల్ పేలినప్పుడు లత షెడ్డు వెనక దుప్పట్లు ఆరేస్తోంది. రేకు గోడలోంచి వచ్చిన బులెట్ ఆమె చేతిలోని దుప్పటికి కన్నం చేసి, భుజం పక్కనుంచి వెళ్ళి పొలంలో ఎక్కడో పడింది. షెడ్డులోంచి పరిగెత్తుకొచ్చిన భర్త రఘు అన్న మొదటి మాట: "నేను ట్రిగ్గర్ ముట్టలే."

మూడేళ్ళ కిందటి జనవరి అది. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్‌లో, డబ్బోకు పడమరగా ఉన్న గొర్రెల పొలం. కరీంనగర్ నుంచి ఐటీ ఉద్యోగానికి వచ్చిన రఘు అది మానేసి, రైతుల పొలాల్లో అడవి పందులను కాల్చే కాంట్రాక్టు పట్టాడు. అతనిది సెమీ ఆటోమేటిక్ రైఫిల్, ప్రతి కాల్పు తర్వాత తదుపరి తూటాను తానే ఎక్కించుకునేది. ఇక్కడ దాన్ని అలాంటి వృత్తివాళ్ళకు తప్ప దాదాపు ఎవరికీ ఇవ్వరు. పోలీసులు అతని లైసెన్సు ఆపేశారు. లత కాన్‌బెర్రా శివారు గంగాలిన్‌లోని చెల్లెలి ఇంటికి వెళ్ళిపోయింది. పాడైన యంత్రాలను పరీక్షించి కారణం చెప్పడం నా వృత్తి. అలా పోలీసులు పంపిన ఆ రైఫిల్, తూటాల పెట్టె నా బల్ల మీదికి వచ్చాయి.

రఘు హ్యాండ్‌లోడింగ్ చేసేవాడు. అంటే, వాడిన ఇత్తడి కేసుల్లో కొత్త ప్రైమర్, తుపాకి మందు, బులెట్ అమర్చుకుని తూటాలు తానే తయారుచేసుకోవడం. ప్రైమర్ తూటా అడుగున ఉండే, నిప్పు పుట్టించే చిన్న మూత. ఫైరింగ్ పిన్ దాన్ని గట్టిగా పొడిస్తే మందు అంటుకుంటుంది.

పెట్టె తెరిచి భూతద్దంలో చూశాను. అన్నీ కాల్చని తూటాలే. అయినా మొదటి వరుసలో ప్రతి ప్రైమర్ మీదా సూదిమొన తగిలినట్టు చిన్న గుంట. కొన్నింటి మీద రెండు. ఎవరో ఒక్కొక్కదాన్నీ నిద్ర లేపబోయి మానుకున్నట్టుంది. పట్టపగలే అయినా, లేచి వెళ్ళి గది తలుపు తీసి పెట్టుకున్నాను.

రఘుకు ఫోన్ చేశాను.

"వీటిని రైఫిల్లో పెట్టి తీశావా?"

"ఫిట్ అయితయా లేదా చూడాలె కదా అంకుల్. ఒక్కొక్కటి చాంబర్ల వేసి బోల్ట్ వదులుత, మళ్ళ తీస్త. టెస్ట్ చెయ్యకుండ ప్రొడక్షన్‌కి పంపుతమా?" నవ్వబోయి ఆగాడు. "పాత రైఫిల్‌తోని ఏండ్ల సంది గట్లనే చేసిన."

తూటా కూర్చునే గదిని, అంటే చాంబర్‌ను, వెనకనుంచి మూసే ఉక్కు ముక్క బోల్ట్. పాత రైఫిల్లో దాన్ని చేత్తో మెల్లగా మూయాలి. ఈ సెమీ ఆటోమేటిక్‌లో బోల్ట్‌ను స్ప్రింగు విసురుగా మూస్తుంది. లోపల వదులుగా ఉన్న ఫైరింగ్ పిన్ ఆ ఊపుకు ముందుకు జరిగి ప్రైమర్‌ను తాకుతుంది. తూటా, తూటాలు పేర్చి ఉంచే మ్యాగజైన్ నుంచి వస్తే బోల్ట్ వేగం కొంత తగ్గుతుంది. చేత్తో చాంబర్‌లో వేసి వదిలితే ఆ అడ్డూ ఉండదు. ప్రైమర్ కాస్త పైకి కూర్చుంటే ఆ తాకిడికే తూటా పేలవచ్చు. దీన్ని స్లామ్ ఫైర్ అంటారు.

మందు, బులెట్ లేకుండా ప్రైమర్ మాత్రమే ఉన్న కేసులతో వారం రోజులు బోల్ట్ వదులుతూ కూర్చున్నాను. ప్రతిసారీ గుంట పడింది. ఒక్కసారీ పేలలేదు. ట్రిగ్గర్‌లో ఏ లోపమూ లేదు. పేలదని తెలిసిన కొద్దీ, బోల్ట్ వదిలే ముందు నా చెయ్యి ఎక్కువసేపు ఆగేది.

రిపోర్టు ఇచ్చాక లత ఒక్కతే వచ్చింది.

"అంకుల్, ఒక్క మాట చెప్పున్రి. ఆయన ఫింగర్ దాని మీద ఉన్నదా, లేదా?"

"వేలు లేకపోయినా పేలగలదమ్మా."

"పేలగలదంటే, గట్లనే పేలిందనా?"

"అది చెప్పలేను."

ఆమె బ్యాగు భుజానికి తగిలించుకుంది. "ఆ పొద్దున మాకు లొల్లి అయింది. నేను గోడ అవతల ఉన్నట్టు ఆయనకు ఎరుకే. పోలీసులకు గూడ చెప్పిన."

అప్పటినుంచి తూటాలు సొంతంగా తయారుచేసుకునే ప్రతివారికీ ఒకటే చెబుతున్నాను: కేసు కొలత ప్రైమర్, మందు పెట్టకముందే బల్ల మీద గేజ్‌తో చూసుకోండి, నిండు తూటాను ఇంటి దగ్గర రైఫిల్లో పెట్టకండి. నాకు మాత్రం ఆ పరీక్ష నేర్పింది వేరే. లోహం ఏం జరగగలదో చెబుతుంది. ఏం జరిగిందో అన్నిసార్లూ చెప్పదు.

పేలుడు ఒత్తిడికి, ఆ రోజు పేలిన తూటా ప్రైమర్ అణిగి చదునైపోయింది. అంతకుముందు అది ఎంత ఎత్తున కూర్చుందో తెలుసుకునే మార్గం లేదు. రఘుకు లైసెన్సు తిరిగి ఇచ్చారు. లత ఇంకా గంగాలిన్‌లోనే ఉంది.