పసుపుపచ్చ చేప దొంగతనం

1947 జూన్‌లో నన్ను బెజవాడలోని ఒక కాలేజీకి జంతుశాస్త్రం డిమాన్‌స్ట్రేటరుగా వేశారు. డిమాన్‌స్ట్రేటరంటే లెక్చరరుకు ఒక మెట్టు కింద, అటెండరుకు ఒక మెట్టు పైన. పాఠం చెప్పే అధికారం ఉండదు, కప్పను కోసి చూపించే బాధ్యత ఉంటుంది. పైవారి తిట్లు కిందికి చేరవేయడం, కిందివారి గోడు పైకి చేరకుండా చూడడం కూడా ఆ ఉద్యోగంలో భాగమేనని చేరిన కొద్దిరోజులకే తెలిసింది.

మా శాఖకు హెడ్డు రంగనాయకులు గారు. ఆ వేసవిలో ఆయన బందరు సముద్రంలో వలకు చిక్కిన రెండు కప్పచేపలను కిరసనాయిలు డబ్బాల్లో ఉప్పునీళ్లతో సహా రైల్లో తెప్పించారు. ఒకటి పసుపుపచ్చది, ఒకటి నల్లది. మ్యూజియం గదిలో చెరొక గాజుతొట్టిలో పెట్టించారు. బందరు నుంచి నీళ్లు మోయించి మార్చడం, బతికున్న రొయ్యపిల్లల్ని మేతగా వేయడం అటెండరు ఏసుపాదం పని. అతనిది గుణదల. ఏళ్ల తరబడి టెంపరరీగా పనిచేస్తూ, రాబోయే జనవరిలో పర్మినెంటు అవుతానన్న ఆశతో బతుకుతున్న మనిషి.

కప్పచేపకు ఈత మీద పెద్దగా మోజు లేదు. రెక్కల్ని కాళ్లలా ఆనించి నేలమీద నడుస్తుంది. నోటికి పైన సన్నని కడ్డీ, దాని చివర ఎర. అంటే గాలం నెత్తిమీదే పెట్టుకుని పుట్టిన చేప. ఒక జాతికి ఆ ఎర వానపాములా ఉంటే, ఇంకో జాతికి రొయ్యలా ఉంటుంది. దాన్ని ఆడిస్తూ రాయిలా కూర్చుని, ఆశపడి వచ్చినదాన్ని రెప్పపాటులో మింగేస్తుంది. వెచ్చని సముద్రాలన్నిటా ఇవి ఉన్నాయి: నున్నవి, చారలవి, ఒళ్లంతా బొచ్చులాంటి తోలు వేలాడేవి. అయితే సముద్రంలో ఉన్న జాతుల కంటే పుస్తకాల్లో ఉన్న పేర్లు చాలా ఎక్కువ. చుట్టూ ఉన్నదాన్ని బట్టి ఈ చేప కొన్ని వారాల్లో రంగు మార్చుకుంటుంది. అది రంగు మార్చినప్పుడల్లా ఎవరో ఒక పండితుడు కొత్త పేరు పెట్టాడు. నిజానికి జాతి తేల్చాలంటే రంగు వదిలేసి ఎర ఆకారం చూడాలి, రెక్కల్లో ముళ్లు లెక్కపెట్టాలి. అలా చూస్తే మా రెండు చేపలదీ ఒకటే జాతి.

రంగనాయకులు గారు మాత్రం పసుపుపచ్చది కొత్త జాతి అని తేల్చేశారు. వ్యాసం కూడా రాశారు. జాతికి మొదట జిల్లా కలెక్టరు దొరగారి పేరు పెట్టారు. ఆగస్టు పదిహేను దాటాక దొరగారి పేరు కొట్టేసి మంత్రిగారి పేరు రాశారు. అదే వారంలో సూటు విప్పి ఖద్దరు కట్టారు. దాన్ని ఎవరూ దొంగతనం అనలేదు.

పసుపుపచ్చ చేప తొట్టిలో అదే రంగు సముద్రపు స్పాంజి ఒకటి ఉండేది. అది కుళ్లి కంపు కొడుతోందని హెడ్డుగారే తీయించి, కొండపల్లి కొండ నుంచి నల్లరాళ్లు తెప్పించి వేయించారు. దసరా సెలవులు ముగిసి తలుపు తీసేసరికి రెండు తొట్లలోనూ నల్ల చేపలే ఉన్నాయి.

"పచ్చదాన్ని అమ్ముకుని నల్లదాన్ని తెచ్చి పడేశావురా!" అని ఆయన ఏసుపాదం మీద విరుచుకుపడ్డారు. అక్కడికక్కడే సస్పెండు చేశారు. దొంగ అనే మాట పడితే పర్మినెంటు సంగతి దేవుడెరుగు, బెజవాడలో కూలిపని కూడా దొరకదు.

చేప రంగు మార్చుకుందని నేను మనవి చేశాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "ప్రభుత్వ వస్తువు దానంతటది రంగెలా మారుస్తుందయ్యా?" అన్నారు. మాట ఒప్పుకుంటే కొత్త జాతి పోతుంది, జాతితోపాటు మంత్రిగారి పేరూ పోతుంది. నాకు ఒళ్లు మండింది కానీ, నేనూ టెంపరరీనే.

మాట వినని మనిషి కళ్లతో చూస్తే నమ్ముతాడనుకున్నాను. నల్లరాళ్లు తీసేసి తెల్ల ఇసక పోశాను. వన్ టౌన్‌లో పక్కా రంగు పసుపుపచ్చ నేతగుడ్డ కొని తొట్టికి వెనకా, పక్కలా, అడుగునా చుట్టాను. గది తాళం నా దగ్గరే ఉంచుకుని ఏసుపాదానికి బదులు నేనే మేత వేశాను. మొదట ఏమీ జరగలేదు. తరవాత రెక్కల అంచుల్లో నలుపు పలచబడింది. క్రిస్మస్ సెలవులయ్యి హెడ్డుగారు మద్రాసు నుంచి వచ్చేసరికి చేప నిమ్మపండులా మెరుస్తోంది.

ఆయన తొట్టి ముందు నిలబడి చాలాసేపు చూశారు. ఏసుపాదం గట్టెక్కాడనుకున్నాను.

"చూశావా? భయపడి తెచ్చి పెట్టేశాడు!" అన్నారు.

గది తాళం నా దగ్గరే ఉందండీ అన్నాను. కిటికీ లేదా అన్నారు. మరి మొన్నటిదాకా ఇందులో ఉన్న నల్లది ఏమైనట్టండీ అని అడిగాను.

"వాడి చేప వాడు తీసుకుపోయాడు. ఇంకొకరి సొత్తు మనకెందుకు?"

ఏసుపాదాన్ని పిలిపించారు. చేప తిరిగొచ్చింది కనక క్షమిస్తానని, క్షమాపణ పత్రం రాసిస్తే పర్మినెంటుకు సిఫారసు కూడా చేస్తానని అభయమిచ్చారు. అతను వరండాలోకి వచ్చి నన్ను అడిగాడు: "తీసుకుపోనిదాన్ని తిరిగి ఎట్టా తెస్తానండీ? మీరైతే రాస్తారాండీ?"

రాస్తే దొంగ, రాయకపోతే పస్తులు. అతను నన్ను కాగితం అడిగి తీసుకుని, మిషన్ స్కూల్లో నేర్చుకున్న గుండ్రటి అక్షరాలతో రెండు వాక్యాలు రాశాడు: "పసుపుపచ్చ చేప తొట్టిలోనే ఉన్నది. ఇక మీదట కూడా ఉంటుంది."

రెండో వాక్యం చదివి రంగనాయకులు గారి ముఖం వికసించింది. "ఇన్నాళ్లకు బుద్ధొచ్చిందిరా!" అని పక్కన సంతకం పెట్టారు.

జనవరిలో ఏసుపాదం పర్మినెంటయ్యాడు. నేను కాలేదు. నామీద ఏ ఫిర్యాదూ లేదు కాబట్టి క్షమించడానికి ఆయనకు కారణం దొరకలేదు. తరవాత నేనూ హెడ్డునయ్యాను, చాలా ఆఫీసులు చూశాను. ఆ ఏడాది తెలిసినదాన్ని మార్చుకోవలసిన అవసరం ఎక్కడా రాలేదు: ఆఫీసులో తప్పు చేయనివాడికంటే బుద్ధి తెచ్చుకున్న దొంగే ముందు పర్మినెంటవుతాడు.