ఆగే వాచీ, ఆగని చెయ్యి

నాకు ఒక చోట కూర్చోవడం చేతకాదు. హిందూపురంలో మాది చిన్న చీరల అంగడి. పొద్దున షట్టరు ఎత్తినప్పటి నుంచి రాత్రి దించేదాకా, బేరం ఉన్నా లేకపోయినా, గంటకు ఇరవైసార్లు టైము చూస్తాను. ఎందుకు చూస్తానో నాకే తెలియదు. ఎక్కడికో పోవాల్సినవాడిలా ఉంటానని మా ఆవిడ అంటుంది. అలాంటివాడికి వాచీ మీద మోజు పుట్టకుండా ఎలా ఉంటుంది?

పోయిన దసరాకు ఫోనులో చూసి చూసి ఒక ఆటోమేటిక్ వాచీ తెప్పించుకున్నాను. ఐదు వేల లోపే. సెల్లు అక్కర్లేదు, కీ తిప్పక్కర్లేదు, చెయ్యి ఆడితే చాలు, లోపలి స్ప్రింగు తనే చుట్టుకుంటుంది. వెనక అద్దంలోంచి ఒక అర్ధచంద్రం బిళ్ల అటూ ఇటూ ఊగుతూ కనిపిస్తుంది. మొదటి వారం వచ్చిన గిరాకీలందరికీ చీర కంటే ముందు ఆ బిళ్లనే చూపించాను.

రెండో వారానికే దాని అసలు రంగు బయటపడింది. పట్టుచీర విప్పి పరిచేటప్పుడు చేతికి వాచీ, ఉంగరం ఉండకూడదు. ఒక్క పోగు తట్టుకుందంటే చీర పోయినట్టే. మా అంగట్లో అది ఎప్పటి నుంచో ఉన్న కట్టుబాటు. కాబట్టి నా వాచీ పగలంతా గల్లాపెట్టెలో, రాత్రంతా బల్ల మీద పడుకునేది. ఒకటిన్నర రోజు కదలకపోతే ఆగిపోయేది. మళ్లీ టైము పెట్టు, తారీఖు తిప్పు. ఆడినప్పుడైనా సరిగ్గా ఆడిందా అంటే, రోజుకు పాతిక ముప్పై సెకన్లు ముందుకు పరుగెత్తేది. దానికీ నా బుద్ధే వచ్చింది.

అప్పుడు నాకు ఒక గొప్ప ఆలోచన వచ్చింది. మా అన్న ధర్మవరంలో మగ్గం నేస్తాడు, నేసిన పట్టుచీరలు నా అంగడికే ఇచ్చేవాడు. నాయన పోయాక పదో తరగతి మానేసి మగ్గం గుంతలోకి దిగినవాడు. నన్ను మాత్రం డిగ్రీ దాకా చదివించి, ఈ అంగడి పెట్టించాడు. నేతలో అతని ఎడమ చెయ్యి పోగును బిగించే పలకను కొడుతుంది, కుడి చెయ్యి తాడు లాగి పోగును మోసే నాడెను విసురుతుంది. కుడి చెయ్యి బట్టను ముట్టదు. పొద్దుగూకులూ ఆడుతూనే ఉంటుంది. ఆ చేతికి కట్టామంటే ఈ వాచీ ఎలా ఆగుతుంది? తీసుకుపోయి నేనే కట్టాను.

"ఏమబ్బా, నీ గడియారానికి నా చేత కీ ఇప్పిస్తాండావా?" అని అన్న నవ్వాడు.

"నీకేన్నా. నాకాడ ఉంటే చచ్చిపోతాండాది," అన్నాను.

ప్రతి ఆదివారం మధ్యాహ్నం అంగడి మూసి ప్యాసింజరు ఎక్కి ధర్మవరం పోవడం నాకు అలవాటు. పోగానే అన్న కుడి చెయ్యి పట్టుకుని వాచీని చెవి దగ్గర పెట్టుకునేవాణ్ణి, ఫోనుతో పోల్చి చూసేవాణ్ణి. మూడు నిమిషాలు ముందుండేది, ఒక్కోసారి నాలుగు. సరిచేసి ఇచ్చేవాణ్ణి. "డాక్టరు వచ్చె, నాడి చూపించుకో," అని వదిన మొగుణ్ణి ఆటపట్టించేది. అయిదారు నెలలు అది ఒక్క రోజు కూడా ఆగలేదు.

ఈ ఎండాకాలం మొదట్లో ఒక ఆదివారం పోతే ఆగి ఉంది. "నిన్న తీసిపెట్టినాలేబ్బా," అన్నాడు అన్న. పై ఆదివారం కూడా ఆగి ఉంది. "ఏదో చెడిపోయినట్టుండాది," అన్నాడు. వెంటనే విప్పించుకుని తెచ్చి హిందూపురంలో నాకు తెలిసిన రిపేరు చేసే పెద్దాయనకు ఇచ్చాను. ఆయన మూత తీసి, కంటికి భూతద్దం పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"దీనికేం రోగం లేదప్పా. కట్టుకునే చెయ్యి ఆడల్ల, అంతే," అన్నాడు.

"కట్టుకునేది మగ్గం నేసే మనిషి సామీ."

"అట్లయితే ఆయన్నే అడుగు. నన్నడిగితే ఏం లాభం?"

రెండు రోజులు నేనే కట్టుకుని ఊరంతా తిరిగాను. భేషుగ్గా ఆడింది. తిరిగి అన్నకిచ్చాను. పై ఆదివారం పోయేసరికి ఆడుతూనే ఉంది, కానీ నాలుగు గంటల పది నిమిషాలు వెనకుంది. ముందుకు పరుగెత్తే వాచీ వెనకెలా పడింది? నేను వస్తున్నానని ఎవరో అప్పటికప్పుడు ఊపి ఆడించారు. టైము సరిచేయడం మరిచిపోయారు.

ఆ మాట నేను పైకి అనలేదు. మగ్గం మీద గుడ్డ కప్పి ఉంది, కానీ ఆదివారం ఎప్పుడూ కప్పే ఉంటుంది. "పని ఎట్లుండాదన్నా?" అంటే, "జరుగుతాండాది, ఈడే ఒక అంగడికి నేస్తాండా," అన్నాడు. రైల్లో తిరిగి వస్తుంటే ఇంకో సంగతి తట్టింది. అన్న ఫోను చేసినప్పుడల్లా వెనక మగ్గం చప్పుడు వినపడేది. అది విని ఎన్నాళ్లయింది?

సోమవారమంతా గిరాకీలతో ఏం మాట్లాడానో నాకే తెలియదు. ఒకామెకు ఆకుపచ్చ చీర అడిగితే నీలం పరిచాను. అన్నకు భుజం పోయిందేమో, ఏదైనా జబ్బేమో, నాకు చెప్పకుండా దాస్తున్నారేమో అని భయం. మంగళవారం పొద్దున అంగడి తీయకుండానే రైలెక్కాను. పెనుకొండ వచ్చేదాకా కిటికీకీ తలుపుకూ మధ్య తిరుగుతూనే ఉన్నాను.

పెనుకొండలో బండి ఆగింది. ధర్మవరం వైపు నుంచి వచ్చిన బండి ఒకటి అప్పుడే జనాన్ని దింపి కదులుతోంది. దిగినవాళ్లలో నీలం యూనిఫాం వేసుకుని, టిఫిను సంచి పట్టుకుని మా అన్న నడిచి వస్తున్నాడు. నేను ఒక్క దూకు దూకాను.

నన్ను చూసి అతను నిలబడిపోయాడు. దొంగతనం చేసి దొరికినవాడిలా తల దించుకున్నాడు. మా నాయన తర్వాత నాయన అంతటివాడు నా ముందు తల దించుకుంటే నాకు ఏడుపొచ్చింది.

"ఈడ ఒక గోడౌను కాడ సెక్యూరిటీ పని. నెల దాటె," అన్నాడు. "కష్టమేం ల్యా. కుర్చీలో కూచుండేదే."

"భుజం బాగుండాదా? ఒంట్లో ఏమన్నా..."

"నాకేమబ్బా, గుండ్రాయి మాదిరి ఉండా."

"మరి మగ్గం ఎందుకు ఆపినావన్నా? నాకు ఒక్క మాట చెప్పకూడదా?"

అన్న నావైపు చూశాడు. కోపం లేదు. అదే నన్ను చంపింది.

"నువ్వే కదబ్బా అంటివి. ఉగాది ముందర ఫోన్లో. కొన్నాళ్లు ఆపున్నా, నీ చీరలు పోవడం ల్యా అని."

అన్నాను. అంగట్లో నిలబడి, ఒకామెకు మరమగ్గం చీర మడతపెడుతూ, ఫోను భుజానికి అదిమిపెట్టుకుని అన్నాను. ఆ మరుసటి నిమిషమే మరిచిపోయాను. తర్వాత వేరే అంగడికి నేస్తున్నానని అతనంటే, నాకు చీరలు తీసుకోవాల్సిన బాధ తప్పిందని లోలోపల హాయిగా ఉండింది కూడా. వారం వారం అన్న చెయ్యి పట్టుకుని వాచీని చూశాను. చెయ్యిని చూడలేదు.

"చెబితే నువ్వు ఊరికే మథనపడతావు. నీ గుణం నాకు తెలీదా," అన్నాడు.

"వాచీ ఏదీ?"

చొక్కా జేబులోంచి తీశాడు. ఆగి ఉంది. "మగ్గానికని ఇస్తివి. కుర్చీలో కూచుని కట్టుకోబుద్ధి కాల్యా."

నా బండి కదిలి వెళ్లిపోయింది. నేను ఫోను చూసి టైము పెట్టి, అన్న కుడి చేతికి వాచీ కట్టాను. బకిలు రెండుసార్లు జారింది.

"మగ్గం మీద పడుగు ఉండాదా?"

"ఉండాది. ఇంకా రెండు చీరలకు వస్తాది."

"నెయ్యన్నా. నాకు కావల్ల."

"పోతాయా?" అని అడిగాడు.

నేను బకిలు ఇంకోసారి సరిచేశాను. అన్న నా భుజం తట్టి, డ్యూటీకి ఆలస్యమవుతుందని సంచి ఎడమ చేతిలోకి మార్చుకున్నాడు. నేను చూస్తూ ఉంటానని అతనికి తెలుసు. ప్లాట్‌ఫారం చివరిదాకా కుడి చెయ్యి పెద్దగా ఊపుకుంటూ నడిచాడు.