మునెయ్య నైలాన్ వల

మునెయ్యకు తెల్లారితే కోపం. కార్తికం వచ్చిందంటే ఆ కోపం రెండింతలు. వానలు పడి స్వర్ణముఖి నిండుగా పారుతుంది, గట్టు పొడుగునా రెల్లు తెల్లగా పూస్తుంది, ఎక్కడెక్కడి పిట్టలూ వచ్చి వాలుతాయి. చిట్టమూరు పోయేవాళ్ళు ఆగి మరీ చూసి మురిసిపోతారు. మునెయ్య మాత్రం వల చూసుకోవడానికి గట్టు వెంట నడుస్తూ, కనబడ్డదాన్నల్లా తిట్టేవాడు.

"ఒంటికాలి మీద జపమా? నా చేపల మీదే గదా నీ కళ్ళు!" అని కొంగను. నీటికాకి రెక్కలు ఆరబెట్టుకుంటుంటే, "కడుపు నిండిందా తల్లీ? ఇంక ఎండ కాచుకో" అని దాన్ని. ముక్కు మీద వాలిందని తూనీగను కూడా వదిలేవాడు కాదు.

ఇవన్నీ ఉత్త తిట్లు. అసలు పగ నీటికుక్కల మీద. నున్నటి ఒళ్ళు, మూతికి మీసాలు, నోట్లో రంపం లాంటి పళ్ళు. వలలో పడ్డ చేపను తింటే తిన్నాయి, పోతూ పోతూ నూలువలను చీల్చి మరీ పోయేవి. అతుకులు వేసుకోలేక మునెయ్య చచ్చేవాడు.

అరవై రెండులోనో మూడులోనో నెల్లూరికి నైలాన్ వలలు వచ్చాయి. భార్య కామమ్మ చెవికమ్మలు తీసి అతని చేతిలో పెట్టింది. పెడుతూ, "ఒడ్డు పక్కన సందు ఇడువయ్యా, నీటికుక్కలు పిల్లల్ని పెట్టే కాలం. మీ నాయన ఇడిచేవాడు" అంది.

"నీ కమ్మలమ్మి కుక్కలకు దోవ ఇడిచేదా? ఈ వలను వాటి తాత గూడా చించలేడు!" అని ఎగిరాడు మునెయ్య. ఏటిపాయకు అడ్డంగా, ఈ గట్టు నుంచి ఆ గట్టుకు సందు లేకుండా కట్టేశాడు.

మర్నాడు పొద్దున పోయి చూస్తే వల ఊగిపోతోంది. మెడకూ కాళ్ళకూ దారం చుట్టుకుని ఒక నీటికుక్క కొట్టుకుంటోంది.

"దొరికినావే!" అంటూ తెడ్డెత్తి నడుముల్లోతు నీళ్ళలోకి దిగాడు. ఇంతలో రెల్లులోంచి కీచుమని అరుపులు. రెండు పిల్లలు, కళ్ళు తెరిచి ఎన్నాళ్ళో కాలేదు, తల్లికేసి మెడలు చాచి ఏడుస్తున్నాయి. వాటి గొంతు విని తల్లి గింజుకునే కొద్దీ దారం బిగిసి, తల నీళ్ళలోకి పోతోంది.

మునెయ్యకు ఒళ్ళు మండిపోయింది. దాని మీద, దాని పిల్లల మీద, అందరికన్నా ఎక్కువగా తన మీద.

"చించవే! ఇన్నేళ్ళూ చించలా? ఇప్పుడేం రోగం నీకు? చించు!"

నైలాన్ తెగలేదు. తెగదనే గదా కొన్నాడు! ఈసారి మునిగిన తల పైకి రాలేదు. మొలలోంచి కత్తి లాగి, నోటికొచ్చిన బూతులు తిడుతూ, కొత్త వలను అడ్డదిడ్డంగా కోసిపారేశాడు. బయటపడుతూనే అది అతని చేతిని కసిగా కొరికి, పిల్లల దగ్గరికి ఈదుకుపోయింది.

"పోండి, విశ్వాసం లేని జాతి! మళ్ళా నా కంట పడబాకండి!" అని గొంతు పోయేదాకా అరిచాడు.

ఇల్లు చేరగానే కామమ్మ అతని చేతినీ వలనూ చూసి లబోదిబోమంది. "ఏందయ్యా ఇది?"

"కుక్క చించింది."

కామమ్మ వల విప్పి చూసింది. అన్నీ కత్తి కోతలే. బోసి చెవిని తడుముకుంది. ఆమెకూ కోపం వచ్చింది, రాదా మరి? వలను మూలకు విసిరేసింది. తర్వాత పాతగుడ్డ తెచ్చి, అతని చేతికి కట్టు కడుతూ అడిగింది.

"పిల్లలెన్ని?"

"రెండు. నోరు మూసుకోని గంజి పొయ్యి" అని కసిరాడు మునెయ్య.